మూడునాళ్ల ముంగిలి

ఇల్లు ఎలా కట్టాలో ఏడాది పాటు ఆలోచిస్తాం. ఇంటి ముందు జాగాని పది రోజుల్లో తేల్చేస్తాం. ఆ తొందరలో జరిగే తప్పులు గృహప్రవేశం ఫొటోల్లో కనిపించవు. మూడో వానాకాలానికో ఐదో వేసవికో బయటపడతాయి. శివారు కాలనీల్లో ఏ వీధిలో చూసినా ఎదురయ్యే ఆ పొరపాట్లేమిటి? దిద్దుకునే దారేమిటి? ఈ వారం ముఖచిత్ర కథనం.

పాలు పొంగించే ముహూర్తం దగ్గర పడింది. లోపల వడ్రంగి పని ఇంకా సాగుతూనే ఉంది. చేతిలో డబ్బు అయిపోవచ్చింది. సరిగ్గా అప్పుడు గుర్తొస్తుంది, గేటుకీ వరండాకీ మధ్య ఖాళీగా పడి ఉన్న జాగా. మేస్త్రీ మాట సిద్ధంగానే ఉంటుంది: ‘‘మట్టి వదిలేస్తే బురదేనమ్మా. రోజూ కడుక్కోలేరు. పార్కింగ్ టైల్స్ వేసేద్దాం, పైపు పట్టి కొడితే శుభ్రం.’’

రెండు రోజుల్లో టైల్స్ పడిపోతాయి. ప్రహరీ పొడవునా అడుగున్నర వెడల్పున ఇటుకల గట్టు లేస్తుంది. అందులోకి ట్రాక్టరు ఎర్రమట్టి. ఆ వెనకే నర్సరీ ఆటో. గేటుకి అటొకటి ఇటొకటి పామ్ మొక్కలు, గోడ వెంట వరసగా కోనోకార్పస్, మిగిలిన మూలలో చాపల్లా పరిచిన మెక్సికన్ గడ్డి. పొద్దుగూకేసరికి ముంగిలి ముచ్చటగా తయారు.

హైదరాబాద్ చుట్టూ బోడుప్పల్, నిజాంపేట, ఆదిభట్ల, విజయవాడ పక్కన పోరంకి, కానూరు, విశాఖలో మధురవాడ. ఊరు మారినా 150, 200 గజాల ఇళ్ల ముందు కథ ఇదే. అసలు ఆ జాగా ఎంతని? ఇంటి అనుమతి కోసం వదిలిన సెట్‌బ్యాక్, మహా అయితే ఇంకో నాలుగడుగులు. అందులోనే సంపు, బోరు, సెప్టిక్ ట్యాంకు, మీటరు పెట్టె, కారు, రెండు బండ్లు, తులసికోట. ఇన్ని పనులున్న చోటుని మనం అలంకారంగా మాత్రమే చూస్తాం. తప్పులన్నీ అక్కణ్నుంచే మొదలవుతాయి. టైలు వేసిననాడు ఎలా ఉందో ఐదేళ్లకీ అలాగే ఉంటుంది. మొక్క ఉండదు. రోడ్డు ఉండదు. నేల కింద వేళ్లు అసలే ఉండవు. ఎదిగేవాటిని ఎదగనివాటిలా లెక్కగట్టడమే ముంగిట్లో మనం చేసే అసలు పొరపాటు.

నీటి లెక్క

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు, ముంగిలిని చూసే చూపే మారిపోతుంది. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి కురిసే వాన దాదాపు 800 మిల్లీమీటర్లు. అంటే ఆ ప్లాటు మీద ఏటా లక్షా 30 వేల లీటర్ల పైచిలుకు నీళ్లు పడుతున్నాయి. 5 వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే 26 ట్యాంకర్లు! డాబా మీద పడ్డదంతా గొట్టాల్లోంచి ముందుకొస్తుంది, ముందు పడ్డదంతా టైల్స్ మీదుగా గేటు దాటుతుంది. వర్షాకాలంలో వీధిలోకి తోలేసిన ఆ నీళ్లనే ఏప్రిల్‌లో డబ్బులిచ్చి ట్యాంకరులో తెప్పించుకుంటాం.

2020 అక్టోబరు 13న బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అంత వానని ఏ ఇంటి ముందు జాగా ఆపలేదు. 200 గజాల మీద ఆ లెక్కన 31 వేల లీటర్లు మరి. కానీ ఏడాదిలో అలాంటి రోజులు ఎన్ని? మామూలుగా పడేవి రెండు, మూడు సెంటీమీటర్ల జల్లులే. వాటిని చాలావరకు ఇంకించుకునే శక్తి ముంగిలికి ఉంటుంది. దాని నోరు మూయకుండా వదిలితే చాలు.

జాగా అంతా బురదగా వదలమని కాదు. కారు నిలిపేందుకు నేలంతా గట్టిగా ఉండక్కర్లేదు. చక్రాలు నడిచే చోట రెండడుగుల వెడల్పున రెండు పట్టీలు వేస్తే సరిపోతుంది. తాండూరు బండలో బేతంచెర్ల బండలో పరిచి, సందుల్లో సిమెంటు పూయకుండా ఇసుక నింపితే నీళ్లు కిందికి దిగుతాయి. రెండు పట్టీల నడుమ మట్టి, గులకరాళ్లు, లేదా తొక్కినా చావని గడ్డి. టైల్సే కావాలంటే మధ్యలో రంధ్రాలుండే గ్రాస్ పేవర్స్ దొరుకుతున్నాయి. నున్నటి గ్రానైట్ మాత్రం ఎండాకాలంలో కాళ్లు కాలుస్తుంది, వానాకాలంలో కాళ్లు జారుస్తుంది. పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి హాల్లోకి వదలడం అదనం.

ఇంకుడుగుంత తవ్వామనే వాళ్లూ ఉన్నారు. అందులో సగం గుంతలు అనుమతి కోసం తవ్వి, టైల్స్ కింద మూసేసినవే. సుమారు నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు; అడుగున పెద్ద కంకర, దాని మీద 20 ఎంఎం కంకర, పైన ఇసుక. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ పై ఇసుకలో ఏటా ఒండ్రు పేరుకుంటుందని, తొలకరికి ముందే ఆ పొర తీసి కడగాలని, లేదా మార్చాలని చాలామందికి తెలియదు. నల్లరేగడి నేలల్లో అయితే ఆ బంకమట్టిలోనే గుంత ఆపేస్తే అది నీళ్ల తొట్టే అవుతుంది. కింద మొరం తగిలేదాకా దిగాలి. సెప్టిక్ ట్యాంకు పక్కన మాత్రం ఎప్పుడూ తవ్వకూడదు.

మెరక పల్లం తారుమారు

ఇటుకల గట్టు కట్టి ఎత్తుగా మట్టి పోసిన పాదుని దగ్గరగా గమనించండి. చుట్టూ నేల పల్లంగా ఉంటుంది, మొక్క మెరక మీద ఉంటుంది. వాన పడ్డప్పుడు టైల్స్ మీది నీరు పాదుని తప్పించుకుని వీధిలోకి పోతుంది. పాదులో మట్టి కాస్త కాస్తగా కరిగి టైల్స్ మీదికి వస్తుంది. దాన్ని కడగడానికి మళ్లీ నీళ్లు. నడిచే నేల కాస్త ఎత్తుగా, మొక్కలున్న పట్టీ రెండు మూడు అంగుళాలు పల్లంగా ఉంటే ఈ బాధే లేదు. గోడ నుంచి బయటికి పదడుగులకు అంగుళం, అంగుళమున్నర వాలు ఇస్తే నీరు తనంతట తానే పాదులోకి నడుస్తుంది. గట్టు కోసం పెట్టే ఇటుకల ఖర్చూ మిగులుతుంది.

రెండోది గోడకి ఆనించి మట్టి పోయడం. ఇంటి గోడకి తగిలేలా పూల పట్టీ కట్టేస్తే రోజూ పోసే నీటి చెమ్మ గోడ పీల్చుకుంటుంది. మొదట రంగు పొక్కులు లేస్తుంది, తర్వాత ఉప్పు పూస్తుంది, ఆ వెనకే చెదలు. పీఠం కనీసం ఆరంగుళాలైనా మట్టి పైకి కనపడుతూ ఉండాలి. గోడకీ పాదుకీ నడుమ అడుగు, అడుగున్నర గులకరాళ్ల సందు వదిలితే ఆ జబ్బు దరిచేరదు.

రోడ్డు సంగతి వేరే. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది వేస్తూ పోతే వీధి ఎత్తు పెరుగుతుంది, ఇల్లు గుంటలో పడుతుంది. అప్పుడు ముంగిలి కూడా లేపేసి పీఠాన్ని పూడ్చేసేవాళ్లున్నారు. అలా చేస్తే వీధి నీళ్లు ఆగుతాయేమో గానీ గోడలోకి చెమ్మ ఖాయం. గేటు దగ్గర మాత్రమే చిన్న మెరక ఇచ్చి, దాని లోపలి వైపు జాలీ మూత ఉన్న కాలువ కట్టి, నీటిని ఇంకుడుగుంతలోకి మళ్లించడం మేలు.

ఎర్రమట్టి కింద మలబా

నాటిన మందార మూడు నెలల్లో పాలిపోయింది. ఈనెలు మాత్రం పచ్చగా, ఆకంతా పసుపుగా. నర్సరీ అతన్ని అడిగితే ఓ సీసా మందు ఇస్తాడు. తవ్వి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పైన ఆరంగుళాలు ఎర్రమట్టి, కింద ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు, టైల్స్ పెంకులు, ప్లాస్టరింగులో రాలిన ఇసుక. ఇల్లు కట్టగా మిగిలిన మలబాని ఎత్తి పారబోయడానికి ట్రాక్టరు కిరాయి దండగని అక్కడే పూడ్చి పెట్టేశారు. సిమెంటులోని సున్నం మట్టిని క్షారంగా మారుస్తుంది. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా మొక్క అందుకోలేదు. మందార, జాజి, నిమ్మ ముందుగా పాలిపోయేది అందుకే.

దీనికి మందు సీసాలో లేదు, పారలో ఉంది. మొక్కలు పెట్టే చోటైనా రెండడుగుల లోతు మలబా తీసేయాలి. రెండు వంతుల మంచి మట్టికి ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. నల్లరేగడి అయితే ఇసుక, ఆకుల ఎరువు కాస్త ఎక్కువ. ఇదంతా టైల్స్ పడకముందు చేస్తే ఒక పూట పని. పడ్డాక చేస్తే ముందు టైల్స్ పగలగొట్టాలి.

నల్ల సంచి విప్పితే

తూర్పుగోదావరి జిల్లా కడియం, కడియపులంకల నుంచి దేశమంతటికీ మొక్కలు వెళ్తాయి. మన కాలనీ నర్సరీలో కనిపించే మొక్కల్లో చాలావాటి పుట్టిల్లు అదే. అక్కడ బలంగా పెరిగిన మొక్క కూడా మన చేతుల్లో చతికిలపడే చోటు ఒకటుంది: నల్ల పాలిథీన్ సంచి.

కొనేటప్పుడు అందరం ఎత్తు చూస్తాం. ఆరడుగుల మొక్క మూడడుగుల మొక్క కన్నా మంచిదనుకుంటాం. ఆ ఆరడుగులది చిన్న సంచిలో ఎన్నాళ్లుగా ఉందో అడగం. సంచి కోసి చూడండి. మట్టి గడ్డ చుట్టూ వేళ్లు గుండ్రంగా, తాడు చుట్టినట్టు తిరిగి ఉంటాయి. అలాగే గోతిలో దించితే అవి ఆ సుడి వదలవు. చెట్టు పెరిగేకొద్దీ అవే వేళ్లు కాండం మొదలును బిగిస్తాయి. నాలుగైదేళ్లకి ఓ ఈదురుగాలి వస్తుంది, చెట్టు వేళ్లతో సహా పక్కకి ఒరిగిపోతుంది. ‘‘దిష్టి తగిలింది’’ అనుకుంటాం. నాటే రోజున ఆ చుట్టుకుపోయిన వేళ్లను కత్తితో మూడు నాలుగు చోట్ల నిలువుగా కోసి, విప్పి పరిస్తే కొత్త వేళ్లు నలువైపులా పోతాయి. ఇక సంచితో సహా పాతేసేవాళ్లకి ఏ సలహా ఇచ్చినా దండగే.

లోతు కూడా ముఖ్యమే. సంచిలో మట్టి ఎంతవరకు ఉందో గోతిలోనూ అంతవరకే. గట్టిగా నిలబడుతుందని కాండాన్ని ఇంకో జానెడు పూడ్చేస్తే మొదలు కుళ్లుతుంది. నిలబడాలంటే పక్కన కర్ర పాతి వదులుగా కట్టాలి, ఏడాదయ్యాక ఆ కట్టు విప్పాలి.

అందరూ వేశారని

ఒక వీధిలో ఒకరింటి ముందు ఏ మొక్క లేస్తే ఏడాదిలో వీధంతా అదే. కోనోకార్పస్ అలాగే వచ్చింది. నీళ్లు పోసినా పోయకపోయినా పెరుగుతుంది, పశువులు ముట్టవు, ఎలా కత్తిరిస్తే అలా ఆకారం తిరుగుతుంది. రెండేళ్లకే గోడంత పచ్చటి తెర. కానీ దాని వేళ్లు తడిని వెతుక్కుంటూ పైపుల్లోకి, కాలువల్లోకి దూరతాయి. తెలంగాణ ప్రభుత్వం 2022లో హరితహారం నర్సరీల్లో దీన్ని పెంచొద్దంది. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో నిషేధించాయి. దాని పుప్పొడితో ఉబ్బసం వస్తుందా రాదా అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య తెగలేదు. సంపు పక్కన దాన్ని పెట్టకూడదని తెలుసుకోడానికి ఆ తీర్పు దాకా ఆగక్కర్లేదు.

అలాగని విదేశీ చెట్లన్నీ చెడ్డవి, స్వదేశీవన్నీ మంచివి అనుకుంటే అదీ పొరపాటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో చెట్లను కూల్చేశాక త్వరగా పచ్చదనం రావాలని ఏడాకుల పాల చెట్లు విస్తారంగా నాటారు. అది మన దేశపు చెట్టే. నిటారుగా, అందంగా పెరుగుతుంది. అక్టోబరు, నవంబరులో పూత మొదలయ్యాక ఆ ఘాటు వాసనకి తలనొప్పి, ఊపిరాడని బాధ అంటూ నగరవాసుల ఫిర్యాదులు మొదలయ్యాయి. అడవిలో, పెద్ద పార్కులో ఇబ్బంది పెట్టని చెట్టు పడగ్గది కిటికీకి ఆరడుగుల దూరంలో ఉంటే వేరు. చెట్టు ఎక్కడిదన్న ప్రశ్న కంటే మనం ఎక్కడ పెడుతున్నామన్న ప్రశ్న ముందు.

గుల్‌మొహర్ పూస్తే వీధికే అందం. కొమ్మలు పెళుసు, వేళ్లు పైపైనే. రోడ్డు పక్క విశాలమైన జాగాకి సరే, కారు మీదికి వంగే చోటికి కాదు. బాదం రెండు మూడేళ్లకే గొడుగులా నీడనిస్తుంది; ఆకు రాల్చే కాలంలో డాబా గొట్టాలన్నీ పూడుస్తుంది. రావి, మర్రి జాతివైన ఫైకస్ మొక్కలు కుండీలో బుద్ధిగానే ఉంటాయి. నేలలో దించితే ఎంత దూరమైనా వెళ్లి సంపు గోడని తడుముతాయి. గేటు పక్క రాయల్ పామ్ మొదటి ఏడాది రాజసంగా ఉంటుంది. పదేళ్లకి దాని మట్ట ఒక్కటి రాలిందంటే కింద ఉన్న బండి అద్దం మిగలదు. కోనసీమలో పుట్టి పెరిగినవాళ్లు కొబ్బరిచెట్టు కింద మంచం వేసుకోరు. పట్నం వచ్చాక అదే చెట్టు కింద కారు పెట్టేస్తాం.

తీగ కింద చెట్టు

ఎదిగిన చెట్టు గొడుగు ఎంత వెడల్పుంటుందో తెలుసుకుని, అందులో సగానికి తగ్గకుండా గోడ నుంచి దూరం ఉంచాలి. ఇంతకు మించిన సూత్రం లేదు. వేపకి ఎటు చూసినా పదిహేనడుగుల ఖాళీ కావాలి. ఆరడుగుల సెట్‌బ్యాక్‌లో వేప పెట్టడమంటే, పదేళ్ల తర్వాత దాన్ని కొట్టేయడానికి ఇవాళే ముహూర్తం పెట్టుకోవడం.

పైకి కూడా చూడాలి. ప్రహరీ వెంట కరెంటు తీగలుంటే వాటి కింద పదిహేనడుగులు మించే చెట్టు వద్దు. లేకపోతే ఏటా వేసవిలో విద్యుత్ సిబ్బంది వచ్చి నెత్తి నరికిపోతారు. అలా తల కొట్టిన చోట గుత్తులు గుత్తులుగా లేచే కొమ్మలకి పట్టు ఉండదు. మొదటి గాలివానకే విరుగుతాయి. అంటే ప్రమాదం తగ్గించాలని చేసే పనే ప్రమాదాన్ని పెంచుతోంది.

తప్పు చెట్టు పెట్టాం, కొట్టేస్తే పోలా అంటే అంత తేలిక కాదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వాల్టా చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. సొంత జాగాలో చెట్టు కొట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. నాటేనాడు అడిగేవారుండరు, కొట్టేనాడు అడుగుతారు.

ముంగిలి దిక్కుని బట్టి కూడా ఎంపిక మారాలి. పడమటి ముఖం ఇంటికి మధ్యాహ్నం రెండు నుంచి ఎండ గోడని కాల్చేస్తుంది. అక్కడ కాస్త దూరంగా ఒక నీడ చెట్టుంటే ఏసీ బిల్లులో తేడా తెలుస్తుంది. పెద్ద చెట్లు దక్షిణం, పడమరల్లో ఉండాలని, ఈశాన్యం పల్లంగా తేలిగ్గా ఉండాలని వాస్తు చెప్పేవాళ్ల మాట. నమ్మినవాళ్లకీ నమ్మనివాళ్లకీ ఇక్కడ పేచీ లేదు. ఎండ లెక్కలోనూ మొదటి మాట కుదురుతుంది.

చెట్టు మెడకి సిమెంటు

గేటు బయట ఉన్న పాత కానుగ చెట్టు మొదలు దగ్గర ఒకసారి వంగి చూడండి. చాలా వీధుల్లో కాండానికి తాకేదాకా సిమెంటు పోసి ఉంటుంది. కాండం లావెక్కిన కొద్దీ సిమెంటు అంచు బెరడులోకి దిగుతుంది. అక్కడ బెరడు ఒక పెదవిలా మడతపడి, సిమెంటు మీదికి పొర్లుతుంది. ఆ మడతలో తేమ నిలుస్తుంది, పురుగు చేరుతుంది. పైన ఆకులు పచ్చగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వేళ్లకి నీరే కాదు, గాలి కూడా కావాలి. 2013లో ఢిల్లీ చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ మొదలు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఆదేశించింది. మన వీధిలో ఆ ఆదేశం కోసం చూడక్కర్లేదు. గునపం, ఒక కూలీ, ఒక ఉదయం చాలు.

చెట్టు చుట్టూ రాలిన ఆకుల్ని ఊడ్చి తగలబెట్టడం ఇంకో అలవాటు. అవే ఆకులు పాదులో రెండు మూడంగుళాలు పరిచి, కాండానికి మాత్రం తగలకుండా జానెడు ఎడం వదిలితే ఎండాకాలం తడి ఆరదు, ఎరువు దానంతటదే తయారవుతుంది.

గడ్డి మోజు

సినిమాల్లో ఇంటి ముందు పచ్చిక చూసి మనసు పడతాం. మెక్సికన్, కొరియన్ గడ్డి చాపలు చదరపు అడుగుల లెక్కన దొరుకుతాయి. వాటికి రోజుకి ఐదారు గంటలు నేరుగా పడే ఎండ కావాలి. అటూ ఇటూ మూడంతస్తుల ఇళ్ల మధ్య ఎనిమిదడుగుల ముంగిట్లో అంత ఎండ ఎక్కడిది? ముందు పలచబడుతుంది, తర్వాత నాచు పడుతుంది, చివరికి మట్టి తేలుతుంది. ఎండ బాగా తగిలే చోటైతే నీళ్ల బాధ. వేసవిలో చదరపు మీటరుకి రోజుకి సుమారు ఐదు లీటర్లు. 20 చదరపు మీటర్ల పచ్చికకి నెలకి 3 వేల లీటర్లు. బోరు ఎండిన కాలనీలో ఆ గడ్డి తాగేది ట్యాంకరు నీళ్లే.

విసుగెత్తి ప్లాస్టిక్ గడ్డి పరిచేవాళ్లున్నారు. మే నెలలో దాని మీద పిల్లలు కాలు పెట్టలేరు, కింద మట్టి ఊపిరాడక చస్తుంది. చిన్న జాగాలో పచ్చిక ఆశ వదిలేసి ఎండ చోట గడ్డిగులాబీ, తడి నీడలో సరస్వతి ఆకు, గోడ నీడన తమలపాకు తీగ వేసుకుంటే చూపుకీ బాగుంటుంది, పనికీ వస్తుంది.

నీళ్లు పోసే పద్ధతి కూడా మారాలి. రోజూ సాయంత్రం పైపు పట్టుకుని పైపైన తడిపితే వేళ్లు పైపైనే తిరుగుతాయి. నేలలో కుదురుకున్న మొక్కకి వారంలో రెండుసార్లు, కాండం దగ్గర కాకుండా కొమ్మల చివర్ల కింద, లోతుగా నానేలా పోస్తే వేళ్లు కిందికి దిగుతాయి. ఊరెళ్లి వారం తర్వాత వచ్చినా మొక్క తట్టుకుంటుంది.

డాలస్‌లోనూ అదే మట్టి

తెలుగువాళ్లు దండిగా ఉన్న డాలస్ శివార్లు ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ముందు జాగా మన సెట్‌బ్యాక్‌కి ఎన్నో రెట్లు. తప్పులకీ అంతే చోటు. ఉత్తర టెక్సస్‌లో విస్తారంగా ఉన్నది మన నల్లరేగడి లాంటి బంకమట్టే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు గోడ పక్కనే పెద్ద చెట్టు పెడతారు. ఎండల్లో అది పునాది కింది తడి లాగేస్తే నేల కుంగి గోడలు బీటలిస్తాయి. వేసవిలో అక్కడ పునాది చుట్టూ సన్న పైపుతో నీళ్లు పెట్టుకునేది అందుకే.

వీధిలో ఎవరో చేశారని కాండం చుట్టూ చెక్కపొట్టు గుట్టగా పోయడం, క్రేప్ మర్టిల్ చెట్ల తల ప్రతి ఫిబ్రవరిలో నరకడం అక్కడి ఫ్యాషన్లు. ఒకప్పుడు అమెరికా శివార్లన్నీ మనసు పారేసుకున్న బ్రాడ్‌ఫర్డ్ పేర్ చెట్టు గాలికి నిలువునా చీలుతుందనీ, అడవుల్లోకి పాకుతోందనీ తేలి ఒహాయో 2023లో, పెన్సిల్వేనియా, సౌత్ కరోలినా 2024లో దాని అమ్మకాన్ని నిషేధించాయి. కాలనీ సంఘం ఒప్పుకోదన్న భయంతో పచ్చికకి నీళ్లు కుమ్మరించేవాళ్లకి ఒక మాట: నీళ్లు తక్కువ తాగే తోట పెట్టుకోవద్దని కాలనీ సంఘాలు అడ్డుచెప్పకూడదని టెక్సస్ 2013లోనే చట్టం చేసింది. తోట తీరు ఎలా ఉండాలో చెప్పే హక్కు మాత్రం సంఘానికి ఉంది కాబట్టి ముందు నమూనా చూపించి అనుమతి తీసుకోవాలి.

చిన్నవే, ప్రాణం మీదికి తెచ్చేవి

పచ్చగన్నేరు గింజ ఎంత విషమో పల్లెల్లో అందరికీ తెలుసు. ఎర్రగన్నేరు ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. డివైడర్ల మీద బాగుంటాయని ముంగిట్లోకి తెచ్చుకుంటే అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో చేజేతులా ముప్పు. మచ్చల ఆకుల డైఫెన్‌బేకియా కూడా అంతే. ఆకు నమిలితే నోరు, గొంతు వాచిపోతాయి. వరండాలో పెంపుడు కుక్క ఉన్నవాళ్లూ చూసుకోవాలి.

గేటు పక్క ఫౌంటెన్, తామర తొట్టి పెట్టుకునే సరదా పెరిగింది. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం, పది రోజుల పని. మోటారు ఆగిపోయిన ఫౌంటెన్ దానికి పురిటిల్లు. వారానికోసారి నీళ్లు వంచి తొట్టి తోమాలి, లేదా గప్పీ చేపలు వదలాలి. కుండీల కింది పళ్లేలు, వాడని పూల తొట్లు మర్చిపోకూడదు.

ఇప్పటికే వేసేశాం, ఎలా?

అంతా పీకేయక్కర్లేదు. ఒక వరసలో వెళ్తే ఖర్చు తగ్గుతుంది. మొదట ఈ వానాకాలంలో ఓ పెద్ద వాన పడేటప్పుడు గొడుగు పట్టుకుని ముంగిట్లో నిలబడండి. నీరు ఎక్కణ్నుంచి వస్తోంది, ఎక్కడ నిలుస్తోంది, ఎక్కడ గేటు దాటుతోంది, సుద్దముక్కతో గుర్తు పెట్టండి. అదే మీ పటం. నీరు గేటు దాటే చోటికి కాస్త ముందు ఒక వరస టైల్స్ తీసేసి, రెండడుగుల వెడల్పున పల్లపు పాదు చేయండి. చాలా ఇళ్లలో ఆ ఒక్క పాదే కొంత నీటిని ఆపుతుంది.

తర్వాత గోడలు చూడండి. పొక్కిన రంగు ఉన్న చోట గోడకి ఆనిన మట్టి ముందు తొలగించాలి. రంగులేయడం ఆ తర్వాతి మాట. మూడోది చెట్లు. కాండాన్ని పట్టిన సిమెంటు కొట్టించండి. సంపుకి, సెప్టిక్ ట్యాంకుకి పదడుగుల లోపు ఫైకస్, కోనోకార్పస్ ఉంటే మొక్క చిన్నదిగా ఉన్నప్పుడే తీసేయండి. ముదిరితే అనుమతి, మనుషులు, ఖర్చు. అలంకారం అన్నిటికన్నా ఆఖరున.

కొత్తగా కట్టుకునేవాళ్లు ఈ వరసని ఇంటి ప్లాను దశలోనే తెచ్చుకుంటే ఇంత శ్రమ ఉండదు. సంపు, బోరు, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ వస్తున్నాయో గీతలు గీసేనాడే ఒక చెట్టుకి చోటు కూడా గీయించుకోండి. మొక్కలు ఏప్రిల్ ముహూర్తానికి కాకుండా జూన్, జూలైల్లో తొలకరి పడ్డాక పెట్టండి. గృహప్రవేశం ఫొటోల్లో ముంగిలి బోసిగా ఉంటే ఉండనివ్వండి. చుట్టాలు తినేది భోజనం, చూసేది ఇల్లు. మొక్కల లెక్క అడిగేది ఎండలూ వానలే.

ఏ జాగాకి ఏ మొక్క?

మూడు నాలుగడుగుల పట్టీ: నందివర్ధనం, మందార, కరివేపాకు. కత్తిరిస్తే అదుపులో ఉంటాయి, వేళ్లతో పేచీ లేదు.

ఆరు నుంచి ఎనిమిదడుగుల జాగా: పారిజాతం, దేవగన్నేరు, దానిమ్మ. కరెంటు తీగలున్నా భయం తక్కువ.

పడమటి ఎండ, పదిహేనడుగుల ఖాళీ: కానుగ, పొగడ, వేప. ఒక్కటి చాలు, మూడూ వద్దు.

గేటు మీద తీగ: సన్నజాజి, మాలతి, రాధామనోహరం. చివరిది బరువెక్కుతుంది, ఇనుప కమాను గట్టిదై ఉండాలి.

సముద్రపు గాలి తగిలే ఊళ్లు: పొన్న, కాగితంపూలు. కొబ్బరి కూడా, కారు నిలిపే చోటికి దూరంగా.

నాటకూడనివి, సంపు ఉన్న ముంగిట్లో: కోనోకార్పస్, రావి, మర్రి, ఏ రకం ఫైకస్ అయినా.